కొత్త గొంతుకు వేదిక దొరికే దారి

మా ఊరి సంగీత సభ కార్యవర్గంలో నేను కొన్నేళ్లు పని చేశాను. ఏటా త్యాగరాజ ఆరాధనకు రెండు నెలల ముందు ఒక సాయంత్రం కార్యదర్శి గారింట్లో కూర్చుని, ఆ ఏడు ఎవరెవరిచేత పాడించాలో తేల్చేవాళ్లం. బల్ల మీద దరఖాస్తుల కట్ట, దాని పక్కన ఆయన ఫోను. కట్టలోంచి ఒక కాగితం తీసి, అందులో ఇచ్చిన లింకు తెరిచేవారు. పాట మొదలవగానే వేలితో ముందుకు జరిపేవారు. వర్ణం పల్లవి అర నిమిషం, ఆలాపన ఇంకో అర నిమిషం, స్వరకల్పన ఎక్కడుందో వెతికి రెండు ఆవర్తాలు. అంతటితో ఒకరి పన్నెండేళ్ల సాధన వినడం అయిపోయేది. ఈలోగా ఫోను మోగేది. అవతల మాకు తెలిసిన మృదంగ విద్వాంసుడు. "ఫలానా అమ్మాయికి మొన్న భీమవరంలో వాయించానండీ, నిక్షేపంగా పాడింది, ఒకసారి పెట్టి చూడండి" అనేవాడు. కార్యదర్శి గారు ఆ పేరు రాసుకునేవారు. కట్టలోంచి ఎంపికైనవాళ్ల కన్నా అలా ఫోనులో వచ్చినవాళ్లే ఎప్పుడూ ఎక్కువ.

ఫోనులో వచ్చినవాళ్లు నిజంగానే బాగా పాడారు, వాళ్ల విషయంలో నాకు ఫిర్యాదు లేదు. కట్టలో మిగిలిపోయినవాళ్లలో ఎందరు అంత బాగా పాడగలిగేవారో మాత్రం మాకు తెలియకుండానే పోయింది. ఆ మాట ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది.

సరళీస్వరాల దగ్గర నుంచి పల్లవి దాకా నేర్పే సంగీత పాఠాల్లో వేదిక ఎలా దొరుకుతుందన్న పాఠం లేదు. "నీ సాధన నువ్వు చెయ్యి, అదే వస్తుంది" అంటారు పెద్దలు. "తెలిసినవాళ్లు లేకపోతే లాభం లేదు" అంటారు తిరిగి తిరిగి విసిగినవాళ్లు. రెంటిలోనూ కొంత నిజం ఉంది, రెండూ పిల్లలకు దారి చూపవు. నా దృష్టిలో అవకాశం ఒక వార్త లాంటిది. ఫలానా చోట ఫలానావాళ్లు బాగా పాడుతున్నారన్న కబురు ఒక చెవి నుంచి ఇంకో చెవికి చేరితేనే పిలుపు వస్తుంది. కబుర్లు మనుషుల మధ్య ఎలా ప్రయాణిస్తాయో, విన్నవాళ్లు ఎలా తీర్పు చెబుతారో, శబ్దం హాల్లో ఎలా నిలుస్తుందో శాస్త్రజ్ఞులు నూరేళ్లకు పైగా కొలుస్తూ వస్తున్నారు. ఆ కొలతలను కొత్త కళాకారుల అవసరానికి అన్వయించి చెప్పాలని ఈ ప్రయత్నం. నాకు దగ్గరైనది కర్ణాటక సంగీతం కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే. లలిత సంగీతం పాడేవాళ్లకు, గిటారు పట్టుకుని సొంత పాటలు కట్టుకునేవాళ్లకు కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

మొదట కబురు సంగతి. 1973లో మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఒక ప్రసిద్ధ పత్రం ప్రచురించాడు. బోస్టన్ దగ్గరి న్యూటన్ పట్టణంలో, పరిచయస్తుల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్లను ఆయన ఒక ప్రశ్న అడిగాడు: ఆ పరిచయస్తుణ్ని మీరు ఎంత తరచుగా కలిసేవారు? తరచుగా కలిసేవాళ్లమని చెప్పినవారు నూటికి 17 మంది లోపే. అప్పుడప్పుడు కలిసేవాళ్లమన్నవారు దాదాపు 56 మంది. ఎప్పుడో గానీ కలవమన్నవారు 28 మంది. ఉద్యోగం ఇప్పించింది ప్రాణస్నేహితులు, దగ్గరి బంధువులు కాదు, దూరపు పరిచయస్తులు. మనకు బాగా దగ్గరైనవాళ్లు ఒకరికొకరు కూడా దగ్గరే కాబట్టి, అందరికీ తెలిసింది ఒకటే సమాచారం. ఎప్పుడో కలిసే మనిషి ఇంకో గుంపులో తిరుగుతుంటాడు. మనకు తెలియని కబురు అతని దగ్గర ఉంటుంది, మన కబురు తెలియని చెవులు అతని చుట్టూ ఉంటాయి. గ్రానోవెటర్ దీన్ని బలహీన బంధాల బలం అన్నాడు.

ఇప్పుడు దీన్ని మన కచేరీకి అన్వయించి చూద్దాం. ఒక గురువు గారి దగ్గర ఇరవై మంది శిష్యులుంటే ఆ ఇరవై మందికీ తెలిసిన సభలు అవే, కార్యదర్శులు వాళ్లే. ఆ వలయంలో ఎంత తిరిగినా కొత్త తలుపు కనబడదు. గురువు గారి సిఫారసు విలువైనదే, దాన్ని తక్కువ చెయ్యను. అది ఒక వలయంలోనే చెల్లుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

వలయాల మధ్య తిరిగే మనుషులు మన వ్యవస్థలో ఉన్నారు. వాళ్లే పక్కవాద్యం వాళ్లు. గాయని ఏడాదిలో పది కచేరీలు చేస్తే పది చోట్లా పాడేది తనే. వయొలిన్ వాయించేవాళ్లు, మృదంగం వాయించేవాళ్లు అదే ఏడాదిలో ముప్పై నలభై మంది గాయకుల పక్కన కూర్చుంటారు. ఇవాళ గుంటూరులో, ఎల్లుండి కాకినాడలో, వచ్చే వారం చెన్నైలో. ప్రతి ఊళ్లోనూ కచేరీ అయ్యాక భోజనాల దగ్గర కార్యదర్శి అడిగే ప్రశ్న ఒకటుంటుంది: "ఈమధ్య కొత్తవాళ్లలో ఎవరు బాగా పాడుతున్నారు?" దానికి జవాబు చెప్పే మనిషి ఆ మృదంగం ఆయనే. వలల శాస్త్రం భాషలో చెప్పాలంటే ఆయన రెండు గుంపులను కలిపే వంతెన. మా కార్యదర్శి గారి ఫోను మోగడం వెనక ఉన్న రహస్యం ఇంతే.

కాబట్టి కొత్తగా పాడేవాళ్లు పక్కవాద్యం వాళ్లతో ఎలా మెలుగుతారన్నది చాలా ముఖ్యం. పాటల పట్టిక రెండు రోజుల ముందే పంపడం, అరుదైన తాళంలో కృతి ఉంటే ముందే చెప్పడం, తని ఆవర్తనానికి సమయం మిగల్చడం, అనుకున్న సంభావన ఆ రాత్రే చేతిలో పెట్టడం. మర్యాద కోసం చేసే ఈ పనులే తర్వాత కబురుగా మారి నాలుగు ఊళ్లు తిరుగుతాయి. ఒక అమ్మాయి తన కచేరీలో వయొలిన్‌కు రెండో ఆలాపన అవకాశం కూడా ఇచ్చి, తను నిశ్శబ్దంగా తాళం వేస్తూ పూర్తిగా విన్నది. ఆ వయొలిన్ ఆయన ఆ తర్వాత ఎన్నిచోట్ల ఆమె పేరు చెప్పాడో నాకు తెలుసు. పక్కవాద్యంలోనే కొత్తగా వస్తున్నవాళ్ల దారి కొంచెం వేరు. వాళ్లకు తొలి కచేరీ చాలాసార్లు ఎవరో అనుకున్నవాళ్లు రాలేకపోయినప్పుడు దొరుకుతుంది. మధ్యాహ్నం మూడింటికి ఫోను వస్తుంది, ఆరింటికి వేదిక మీద ఉండాలి. అందుకే నాలుగైదు వందల కృతులు చెవిలో ఉన్న వయొలిన్ పిల్లవాడికి, ముప్పై కృతులు అద్భుతంగా వాయించే పిల్లవాడి కన్నా ముందు పిలుపు వస్తుంది.

ఒకరు నేరుగా విన్న ఫలితం ఎంత దూరం వెళ్తుందో మన చరిత్రలోనే రుజువులున్నాయి. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లారు. ప్రిన్సిపాలుగా ఉన్న ఆదిభట్ల నారాయణదాసు ఆయన వయొలిన్ విని, నేర్చుకోవడానికి వచ్చినవాణ్ని నేర్పేవాడిగా నియమించారు. 1964లో మద్రాసులో తెలుగు సాంస్కృతిక సంస్థ పెట్టిన పాటల పోటీలో ఇంజనీరింగ్ చదువుతున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి మొదటి బహుమతి వచ్చింది. సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి ఆయన గొంతును గుర్తించింది పోటీ వేదిక మీదే. తొలి సినిమా పాట రికార్డయింది 1966 డిసెంబరు 15న. పరిచయానికీ పాటకూ మధ్య నడిచిన కాలాన్ని గమనించమని కోరుతున్నాను. బలహీన బంధం పండాలంటే దానికి సమయం పడుతుంది.

ఇక గణితం. ఒక సభకు దరఖాస్తు పెడితే పిలుపు వచ్చే అవకాశం ఇరవైకి ఒకటి అనుకుందాం. లెక్క సులువుగా ఉండడానికి ఊహించిన అంకె ఇది. ఒక ప్రయత్నంలో రాకపోవడానికి అవకాశం 95 శాతం. ఇరవై చోట్ల ప్రయత్నిస్తే అన్నిచోట్లా రాకపోయే అవకాశం 36 శాతానికి పడిపోతుంది. అంటే కనీసం ఒకచోట పిలుపు వచ్చే అవకాశం 64 శాతం. నలభై చోట్ల ప్రయత్నిస్తే అది 87 శాతం. ఇరవైకి ఒకటి అంటే నిరాశ కలిగించే అంకె. అదే అంకె నలభైసార్లు ప్రయత్నించిన మనిషికి దాదాపు భరోసాగా మారుతుంది.

ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది. ప్రయత్నాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. ఒకరినొకరు అడిగి నిర్ణయించుకునే ఇరవై సభలకు రాస్తే అది ఇరవై పాచికలు వేసినట్టు కాదు, ఒక్క పాచికను ఇరవైసార్లు చూసినట్టు. నలభై సభలకు ఒకే ఉత్తరం పంపి ఎక్కడా పిలుపు రాలేదని బాధపడే పిల్లలు చాలామంది ఈ షరతు దగ్గరే దెబ్బతింటున్నారు. సంఖ్యతో పాటు వైవిధ్యం కావాలి: గుడి, కళాశాల, రేడియో, పక్క జిల్లా, పొరుగు రాష్ట్రం, వేరే రకం శ్రోతలు.

అదృష్టం ఎంత పని చేస్తుందో కూడా కొలిచినవాళ్లున్నారు. 2006లో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఎవరికీ తెలియని బృందాల పాటలు 48 సేకరించి, 14 వేల మందికి పైగా శ్రోతల ముందు ఉంచారు. కొంతమంది ఎవరి ప్రభావం లేకుండా విని నచ్చినవి తీసుకున్నారు. మిగిలినవాళ్లను ఎనిమిది వేరువేరు గుంపులు చేసి, తమ గుంపులో ఏ పాటను ఎందరు తీసుకున్నారో కనబడేలా పెట్టారు. బాగా మెచ్చిన పాటలు అడుగుకు పోవడం, బొత్తిగా నచ్చనివి పైకి రావడం అరుదుగానే జరిగింది. మధ్యలో ఉన్న పాటల గతి మాత్రం గుంపు గుంపుకూ మారిపోయింది. సొంత తీర్పులో 26వ స్థానంలో ఉన్న ఒక పాట ఒక గుంపులో మొదటి స్థానానికి వెళ్లింది, ఇంకో గుంపులో 40వ స్థానంలో ఆగింది. మొదట్లో నలుగురు తీసుకున్న పాటను తర్వాతివాళ్లూ తీసుకుంటారు. ఉన్నవాడికే మరింత చేరడాన్ని సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లోనే మాథ్యూ ప్రభావం అని పిలిచాడు. పిలుపు రాని ప్రతిసారీ తన విద్యను తనే అనుమానించుకునే పిల్లలకు ఈ ప్రయోగం గురించి చెప్పాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. సాధన మిమ్మల్ని అడుగున పడకుండా కాపాడుతుంది. అక్కణ్నుంచి ఎంత పైకి వెళ్తారన్నది చాలావరకు తొలి నలుగురు శ్రోతలు ఎక్కడ దొరికారన్నదాని మీద ఉంటుంది.

చిత్రకారుల మీద జరిగిన ఒక పెద్ద పరిశీలన దీనికి తోడు నిలుస్తుంది. 2018లో ఆల్బర్ట్ లాస్లో బరబాషీ బృందం సుమారు 5 లక్షల మంది చిత్రకారుల ప్రదర్శనల చరిత్రను విశ్లేషించింది. పేరున్న గ్యాలరీల్లో మొదలుపెట్టినవాళ్లు చివరిదాకా అక్కడే నిలిచారు. అంచున మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది మధ్యలో మానేశారు. అంచు నుంచి కేంద్రానికి చేరినవాళ్లు కొద్దిమందే ఉన్నారు. తొలి సంవత్సరాల్లోనే వాళ్లు రకరకాల చోట్ల ప్రదర్శించారు, ఒకటి రెండు గోడలకే అతుక్కుపోలేదు. సంగీతం వేరు, చిత్రకళ వేరు. అయినా సొంత ఊళ్లో ఒకే గుళ్లో ఏటా పాడి తృప్తి పడే పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఈ పరిశీలన గుర్తొస్తుంది.

మరి ఆ రకరకాల చోట్లు ఎక్కడున్నాయి? పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులోనే కాక తెలుగు నేల మీద ఊరూరా జరిగే త్యాగరాజ ఆరాధనలు అన్నిటికన్నా తెరిచిన తలుపులు. ఒక్కొక్కరికి ఒకటి రెండు కృతుల సమయం ఇస్తారు. అది చిన్న అవకాశమని కొందరు చులకన చేస్తారు గానీ, ఆ ఊరి పక్కవాద్యం వాళ్లంతా, సభల పెద్దలంతా ఒకే పందిట్లో కూర్చుని వినే రోజు ఏడాదికి అదొక్కటే. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్ల వయసులో విజయవాడలో తొలి పూర్తి కచేరీ చేసింది త్యాగరాజ ఆరాధన వేదిక మీదే. తిరుమలలో శ్రీవారి ఆలయం ఎదుట నాదనీరాజనం వేదిక ఉంది. దసరాకు, వినాయక చవితికి పందిళ్లున్నాయి. హైదరాబాద్‌లో రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ ఉన్నాయి. సొంత పాటలు కట్టేవాళ్లను, కొత్త ప్రయోగాలను ఆదరించే లామకాన్ 2010 నుంచి బంజారాహిల్స్‌లో నడుస్తోంది. చెన్నై డిసెంబరు సీజనులో చాలా సభలు మధ్యాహ్నం కచేరీలు చిన్నవాళ్లకు ఇస్తాయి, వాటికి టికెట్టు ఉండదు. 1927లో కాంగ్రెస్ మహాసభతో పాటు జరిగిన సంగీత సమ్మేళనం నుంచి పుట్టిన మ్యూజిక్ అకాడమీలోనూ మెట్లు మెట్లుగా ఎక్కాల్సిందే. అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలకైతే 1978లో మొదలైన క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఉత్సవం, అక్కడి పోటీలు ఉన్నాయి.

వీటన్నిటిలో ఆకాశవాణిని విడిగా చెప్పాలి. 1950లలో బి.వి. కేస్కర్ సమాచార, ప్రసార శాఖ మంత్రిగా ఉన్నప్పుడు ఆకాశవాణిలో ఆడిషన్, గ్రేడుల పద్ధతి వచ్చింది. తమను పరీక్షించడమేమిటని అప్పట్లో పెద్ద విద్వాంసులు నిరసించారు. పెద్దలను పరీక్షకు కూర్చోబెట్టడం సరైనదేనా అన్న వాదన అలా ఉంచితే, కొత్తవాళ్లకు ఆ పద్ధతి చేసిన మేలు తక్కువ కాదు. పాడుతున్నది ఎవరో తెలియకుండా వినడం దాని ప్రాణం. పరిచయాలు లేని పల్లెటూరి పిల్లవాడు కేవలం గొంతుతో బి గ్రేడు, ఆ తర్వాత బి-హై, ఎ గ్రేడు తెచ్చుకోగలడు. ఆ గ్రేడు ఉత్తరం సభ కార్యదర్శి ముందు పెడితే సిఫారసు చేసేవాళ్లు లేని లోటు కొంత తీరుతుంది.

తెర చాటున వినడం మీద శాస్త్రీయమైన సాక్ష్యం కూడా ఉంది. 1970, 80 దశకాల్లో అమెరికా సింఫనీ ఆర్కెస్ట్రాలు అభ్యర్థికీ న్యాయనిర్ణేతలకూ మధ్య తెర కట్టడం మొదలుపెట్టాయి. నడిచే చప్పుడును బట్టి ఆడా మగా తెలియకూడదని కొన్నిచోట్ల నేల మీద తివాచీ కూడా పరిచారు. అక్కడి అయిదు అగ్ర ఆర్కెస్ట్రాల్లో 1970లో 5 శాతం లోపున్న మహిళలు 1997 నాటికి 25 శాతానికి చేరారు. ఆ పెరుగుదలలో తెర వాటా ఎంతన్నదానిపై క్లాడియా గోల్డిన్, సెసీలియా రౌస్ 2000లో చేసిన లెక్కలను గణాంక నిపుణులు తర్వాత ప్రశ్నించారు, ఆ వాదన ఇంకా తేలలేదు. కన్ను చెవిని ఎంతగా తప్పుదోవ పట్టిస్తుందో చూపించిన ప్రయోగం ఇంకొకటుంది. 2013లో చియా-జుంగ్ సాయ్ అనే పరిశోధకురాలు పాశ్చాత్య శాస్త్రీయ సంగీత పోటీల్లో తుదిదశకు చేరిన ముగ్గురి తునకలను చూపించి విజేత ఎవరో ఊహించమంది. శబ్దం మాత్రమే విన్నవాళ్ల కన్నా, శబ్దం లేని వీడియో మాత్రమే చూసినవాళ్లు విజేతను ఎక్కువసార్లు సరిగ్గా గుర్తించారు. వృత్తి సంగీతకారుల్లోనూ అదే జరిగింది. అంటే అసలు న్యాయనిర్ణేతల తీర్పులో కూడా చూపు పాత్ర చాలా ఉందన్నమాట.

కొత్త కళాకారులు ఇందులోంచి రెండు పనులు నేర్చుకోవచ్చు. పంపే వీడియోలో కూర్చునే తీరు, తాళం వేసే చెయ్యి, ముఖంలో ప్రశాంతత శ్రద్ధగా చూసుకోవాలి, ఎందుకంటే వినేవాళ్లు తెలియకుండానే వాటిని కూడా వింటున్నారు. రెండోది, మా కార్యదర్శి గారి వేలు గుర్తుపెట్టుకోవాలి. గంటన్నర కచేరీ మొత్తం పంపితే ఆయన ఎక్కడ ఆగుతారో మన చేతిలో ఉండదు. నాలుగు నిమిషాల ఆలాపన, ఒక కృతి చరణం, నాలుగు ఆవర్తాల స్వరకల్పన విడివిడిగా పంపితే వింటారు. శ్రుతి స్పష్టంగా వినబడాలి. యంత్రంతో గొంతును సరిదిద్దిన రికార్డు పంపకండి. వేదిక మీద అది బయటపడుతుంది, ఆ కబురు కూడా ప్రయాణిస్తుంది.

పిలుపు వచ్చిందనుకుందాం. రెండో పిలుపు రావాలంటే ఈ కచేరీ నిలబడాలి. నలుగురి ముందు పని చేస్తే మనిషి సామర్థ్యం ఏమవుతుందన్న ప్రశ్నకు రాబర్ట్ జాయంక్ 1965లో ఒక సూత్రం చెప్పాడు. బాగా అలవాటైన పని నలుగురి ముందు ఇంకా బాగా వస్తుంది, సరిగా పట్టుబడని పని ఇంకా పాడవుతుంది. 1969లో ఆయన బృందం బొద్దింకల మీద దీన్ని పరీక్షించింది. చుట్టూ ఇతర బొద్దింకలు చూస్తుంటే తిన్నని దారిలో అవి త్వరగా పరుగెత్తాయి, మలుపు తిరిగే దారిలో ఆలస్యమయ్యాయి. పురుగుకూ మనిషికీ ఉమ్మడిగా ఉన్న ఈ స్వభావాన్ని కొత్త గాయకులు మరిచిపోతారు. మొదటి కచేరీకి పది రోజుల ముందు కష్టమైన పల్లవి ఒకటి కొత్తగా నేర్చుకుని అదే పాడాలని పట్టుబడతారు. నిద్రలో లేపి అడిగినా పాడగలిగిన మోహన, కల్యాణి చాలు. అవి శ్రోతల ముందు ఇంట్లో కన్నా బాగా పలుకుతాయి. వణుకు గురించి కూడా ఒక మాట. 2014లో అలిసన్ వుడ్ బ్రూక్స్ చేసిన ప్రయోగాల్లో, పాడబోయే ముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి చెప్పుకున్నవాళ్లు "నాకు కంగారుగా ఉంది" అన్నవాళ్ల కన్నా శ్రుతి లయలు తప్పకుండా పాడారు. గుండె దడ రెండింటికీ ఒకటే, దానికి మనం పెట్టే పేరు వేరు.

ఇక మైకు. నోటికీ మైకుకూ మధ్య దూరం సగం చేస్తే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అడుగు దూరంలో కూర్చుని "సౌండ్ పెంచండి" అని అడిగితే మైకతను పెంచేది గొంతును మాత్రమే కాదు, హాల్లో ఉన్న ప్రతి చప్పుడునూ. స్పీకరు నుంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులోకి చేరి, మళ్లీ స్పీకరులోకి వెళ్లి తిరుగుతూ పోతే ఆ కూత మొదలవుతుంది. మైకు దగ్గరగా పెట్టుకోవడం, స్పీకర్లు మైకు కన్నా ముందుకు, శ్రోతలవైపు ఉండేలా చూడటం, వాడని మైకులు కట్టేయించడం, వీటితో ముప్పావు వంతు బాధ తీరుతుంది. అరగంట ముందు వెళ్లి సౌండ్ చెక్ చేసుకునే కొత్తవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

వేణువు వాయించేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. గాలి వేడెక్కితే శబ్దవేగం డిగ్రీకి సెకనుకు 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. 25 డిగ్రీల ఏసీ గదిలో సరిచూసుకున్న వేణువు 35 డిగ్రీల పందిట్లో అర్ధస్వరంలో దాదాపు మూడో వంతు పైకి పోతుంది. అదే వేడికి తంబురా తీగ సాగి కిందికి దిగుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి. పాడేచోటే, పాడేవేళకే శ్రుతి చేసుకోమని పెద్దలు చెప్పింది ఇందుకే.

చట్టం గురించి క్లుప్తంగా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు, పండుగల రోజుల్లో ప్రభుత్వం సడలిస్తే తప్ప. త్యాగరాజు కృతులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. సినిమా పాటలతో టికెట్టు కార్యక్రమం చేస్తే మాత్రం ప్రదర్శన హక్కుల లైసెన్సు నిర్వాహకులు తీసుకున్నారో లేదో అడిగి తెలుసుకోండి. డబ్బు కట్టించుకుని వేదిక ఇచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ కచేరీకి శ్రోతలు రారు, ఆ కబురు ఎక్కడికీ ప్రయాణించదు.

చివరిగా శ్రోతల గురించి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే శ్రోతల శరీరాల గురించి. 1895లో హార్వర్డ్‌లో వాలెస్ సాబిన్ అనే యువ భౌతిక శాస్త్ర అధ్యాపకుడికి ఒక పని అప్పగించారు. ఫాగ్ మ్యూజియంలోని ఉపన్యాసశాలలో మాట్లాడిన మాట అయిదున్నర సెకన్ల పాటు మోగుతూ ఎవరికీ అర్థం కావడం లేదు, కారణం కనుక్కోమన్నారు. ఆయన రాత్రిళ్లు ఆర్గన్ గొట్టం, గడియారం పట్టుకుని, పక్క థియేటరు నుంచి కుర్చీల దిండ్లు మోసుకొచ్చి పరిచి, శబ్దం ఆరిపోవడానికి పట్టే కాలాన్ని కొలిచాడు. ఆ కాలం హాలు ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుందని, శబ్దాన్ని పీల్చుకునే వస్తువులను బట్టి తగ్గుతుందని సూత్రం కట్టాడు. ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, మొత్తం శోషణతో భాగిస్తే సెకన్లు వస్తాయి.

మా సభ హాలు లాంటిది తీసుకుందాం. 12 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల ఎత్తు, సిమెంటు గోడలు, ప్లాస్టిక్ కుర్చీలు. శోషణ 40 చదరపు మీటర్లు అనుకుంటే ఖాళీ హాల్లో శబ్దం 2.4 సెకన్లు నిలుస్తుంది. కూర్చున్న మనిషి ఒక్కొక్కరు సుమారు 0.45 చదరపు మీటర్ల మేర శబ్దాన్ని పీల్చుకుంటారు. ఇరవై మంది వస్తే 2 సెకన్లకు దిగుతుంది. నూట ఇరవై మంది వస్తే 1 సెకనుకు వస్తుంది. రెండో కాలంలో స్వరకల్పన చేసే అమ్మాయి సెకనుకు ఎనిమిది స్వరాలు పాడుతుంది. ఇరవై మందే ఉన్న హాల్లో ఒక స్వరం ఆరకముందే దాని మీద పదహారు స్వరాలు పడి అన్నీ కలగాపులగం అవుతాయి. నిండిన హాల్లో సాయంత్రం పాడే విద్వాంసుడి స్వరాలు ముత్యాల్లా విడివిడిగా వినబడతాయి. మధ్యాహ్నం ఖాళీ కుర్చీల ముందు పాడిన పిల్ల "ఇంకా స్పష్టత రావాలి" అనిపించుకుని వెళ్లిపోతుంది. ఆ తేడాలో కొంత భాగం సాధనది, కొంత భాగం రాని మనుషులది.

సభల కార్యదర్శులను నేను కోరేది ఒకటి. ఏటా ఒక్క కచేరీ సమయమైనా పేర్లు మూసిపెట్టి, రికార్డు పూర్తిగా విని ఇవ్వండి. ఆ ఒక్క నిర్ణయం తేలేదాకా ఫోను పక్క గదిలో పెట్టండి. చదువరులను కోరేది ఇంకా చిన్నది. ఈసారి మీ ఊళ్లో ఆరాధనకు మధ్యాహ్నం రెండు గంటలకు ఎవరో పేరు తెలియని పిల్లలు పాడుతున్నారని తెలిస్తే, భోజనం అయ్యాక కాసేపు కునుకు మానుకుని వెళ్లండి. వెనక గోడకు ఆనుకుని నిలబడకుండా ముందు వరుసల్లో కూర్చోండి. మంగళం అయ్యేదాకా లేవకండి.